సింఫనీకి వెళ్తే చప్పట్లు ఎప్పుడు కొట్టాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

"ఆర్కెస్ట్రాలో పనిచేస్తున్నా" అంటే మా విజయనగరం చుట్టాలకు ఇప్పటికీ పెళ్లి రిసెప్షన్‌లో సినిమా పాటలు పాడే ట్రూపే గుర్తొస్తుంది. "కీబోర్డా, ప్యాడ్సా?" అని అడుగుతారు. నేను అసలు వాయించనే వాయించను. లండన్‌లో ఒక సింఫనీ ఆర్కెస్ట్రాకు కొత్త శ్రోతలను రప్పించడం నా ఉద్యోగం. టికెట్లు, స్కూలు పిల్లల కార్యక్రమాలు, మొదటిసారి వచ్చి వెళ్లినవాళ్లకు ఫోన్లు, ఇలా పన్నెండేళ్లు గడిచాయి. 2025 మార్చి 8న ఇళయరాజా గారి సింఫనీని ఇక్కడ రాయల్ ఫిల్‌హార్మోనిక్ వాళ్లు వాయించాక మనవాళ్ల నుంచి ఫోన్లు బాగా పెరిగాయి. ప్రశ్నలు మాత్రం పాతవే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇది రాస్తున్నా.

అపోహ: ఆ సంగీతం గురించి ఏమీ తెలియకుండా వెళ్తే అందరి ముందూ పరువు పోతుంది.

అన్నిట్లోకీ ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. వినేవాళ్లకీ నష్టం, ఆర్కెస్ట్రాలకీ నష్టం.

నాలుగేళ్ల కిందటి మాట. ఆ రోజు చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ. నిజామాబాద్ అబ్బాయి ఒకతను, ఇక్కడ ఐటీలో చేస్తాడు, నా మాట మీద భార్యను తీసుకుని మొదటిసారి వచ్చాడు. సింఫనీ అంటే ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే పెద్ద రచన, భాగాలుగా ఉంటుంది, ఒక్కో భాగం ఒక మూవ్‌మెంట్. ఆ సింఫనీ తెలిసినవాళ్లకు మూడో మూవ్‌మెంట్ సంగతీ తెలుసు. కవాతులా ఊపెక్కి ఊపెక్కి ఢామ్మని ఆగుతుంది, ఇక అయిపోయిందనే అనిపిస్తుంది. చప్పట్లు వస్తాయని తెలిసే కొందరు కండక్టర్లు, అంటే ముందు నిలబడి చేతులూపుతూ ఆర్కెస్ట్రాను నడిపించేవాళ్లు, ఊపిరి పీల్చుకునే సందు కూడా ఇవ్వకుండా నాలుగోదానిలోకి దూకేస్తారు. ఆ రోజు కండక్టర్ ఆగాడు. మనవాడు చప్పట్లు కొట్టాడు. హాల్లో ఇంకా చాలామంది కొట్టారు. కానీ పక్క సీటు పెద్దాయన ఇతని వైపే తిరిగి "ష్" అన్నాడు. ఆ తర్వాత వచ్చే నాలుగో మూవ్‌మెంట్ కోసమే ఆ సింఫనీ వినాలి, చివరికి చెల్లోలు, బేస్‌లు అనే పెద్ద ఫిడేళ్లు అలా అలా సన్నగిల్లి నిశ్శబ్దంలో కలిసిపోతాయి. ఇతనికి ఒక్క ముక్క వినపడలేదట. బయటికి వచ్చి, "సారీ అక్కా, నీ పరువు తీశాను" అన్నాడు. ఏమనాలో తోచలేదు. ఆ తర్వాత రెండేళ్లు మేము పంపిన ఒక్క మెయిల్‌కీ జవాబు లేదు.

సింఫనీ మొత్తం అయ్యేదాకా, మూవ్‌మెంట్ల మధ్య చప్పట్లు కొట్టకూడదన్నది ఏదో అనాది ఆచారమనీ, దాన్ని తాను కాపాడుతున్నాననీ ఆ పెద్దాయన అనుకున్నాడు. 1778లో మోట్సార్ట్ పారిస్ నుంచి వాళ్ల నాన్నకు రాసిన ఉత్తరం ఉంది. కొత్త సింఫనీలో మొదటి మూవ్‌మెంట్ మధ్యలో ఒకచోట జనానికి తప్పకుండా నచ్చుతుందని తనకు ముందే తెలుసనీ, అక్కడ చప్పట్లు మోగాయనీ, అది తెలిసే ఆ ముక్కను చివర్లో మళ్లీ పెట్టాననీ రాశాడు. మూవ్‌మెంట్‌కీ మూవ్‌మెంట్‌కీ మధ్య కూడా కాదు, వాయిస్తుండగానే! ఆ సంతోషంలో వెళ్లి ఐస్‌క్రీమ్ తిన్నాడట. 1813లో వియన్నాలో బీథోవెన్ ఏడో సింఫనీ మొదటిసారి వాయించినప్పుడు రెండో మూవ్‌మెంట్‌ను జనం వన్స్‌మోర్ కొట్టి మళ్లీ వాయించుకున్నారు. వాగ్నర్ సంగతి ఇంకా తమాషా. 1882లో తన 'పార్సిఫల్' అనే ఒపెరాకు (సంగీత నాటకానికి) చప్పట్ల విషయంలో ఆయన పెట్టిన నియమం జనానికి సరిగా అర్థం కాక అందరూ బిగుసుకుని కూర్చున్నారు. ఒక సన్నివేశం నచ్చి ఆయనే "బ్రావో" అని అరిస్తే, ఆయనెవరో తెలియనివాళ్లు ఆయన్నే నోరు మూయించారని చెబుతారు. మూవ్‌మెంట్ల మధ్య మౌనం ఇరవయ్యో శతాబ్దంలో గట్టిపడిన అలవాటు, అంతే. మన దగ్గర మాత్రం? వర్ణంతో మొదలుపెట్టి చిన్నచిన్న తుక్కడాలతో ముగించే కర్ణాటక కచేరీ వరస త్యాగరాజస్వామి కాలం నాటిదనుకుంటాం. దాన్ని స్థిరపరిచింది గాయకుడు అరియకుడి రామానుజ అయ్యంగారు, అదీ పోయిన శతాబ్దంలోనే.

అయితే వాయిస్తున్నంతసేపూ కదలకుండా కూర్చోమంటారే, దానికి మాత్రం గట్టి కారణం ఉంది. సింఫనీ హాల్లో మైకు ఉండదు. ఎనభై మంది కలిసి గుసగుసంత సన్నగా వాయించేటప్పుడు చాక్లెట్ కాగితం చప్పుడు కూడా బాల్కనీ దాకా వినిపిస్తుంది. మా ఊళ్లో కచేరీకి వెళ్తే "భళా" అంటాం, తొడ మీద తాళం వేస్తాం, మృదంగం వాళ్ల తని ఆవర్తనం అయ్యాక చప్పట్లు కొడతాం. అక్కడ మైకు ఉంది, చెల్లుతుంది. ఇక్కడ తాళం మనసులో వేసుకోండి. కండక్టర్ చేతులు దించి మీ వైపు తిరిగాడంటే అయిపోయినట్టు. మధ్యలో పొరపాటున కొట్టారా, కొట్టారు. వాయించేవాళ్లలో చాలామందికి అది ఇష్టమే, నన్నడగండి, వాళ్లతో రోజూ టీ తాగుతాను.

అపోహ: కొత్తవాళ్లు ఈ సంగీతానికి రారు. రప్పించాలంటే సినిమా పాటలు వాయించాలి, అలా చేస్తే శాస్త్రీయం చచ్చిపోతుంది.

ఇది మా లోపలివాళ్ల అపోహ. కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు, రెండోసారి రావడం లేదు. 2008లో అమెరికాలో తొమ్మిది ఆర్కెస్ట్రాలు కలిసి చేయించిన అధ్యయనంలో మొదటిసారి వచ్చినవాళ్లలో దాదాపు పదికి తొమ్మిదిమంది మళ్లీ కనపడలేదని తేలింది. మళ్లీ రావడాన్ని అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించింది ఏమిటో తెలుసా? పార్కింగ్! మేమేమో గదిలో కూర్చుని మాలర్ సింఫనీ పెట్టాలా, జాన్ విలియమ్స్ సినిమా సంగీతం పెట్టాలా అని కొట్టుకుంటూ ఉంటాం.

శాస్త్రీయం పలచబడిపోతోందని బాధపడేవాళ్లకు లండన్‌లో ఏటా వేసవిలో జరిగే 'ప్రామ్స్' కచేరీలను గుర్తుచేస్తాను. 1895లో నిర్వాహకుడు రాబర్ట్ న్యూమన్, కండక్టర్ హెన్రీ వుడ్ వాటిని మొదలుపెట్టినప్పుడు హాల్లో తిన్నారు, తాగారు, చుట్టలు కాల్చారు. పాట నడుస్తున్నప్పుడు అగ్గిపుల్ల గీయకండి అని మాత్రం బతిమాలుకున్నారట. ముందు తేలికైనవి, మెల్లగా గట్టివి వినిపించాలన్నది న్యూమన్ లెక్క. ఆ అగ్గిపుల్లల మధ్య బీథోవెన్ ఏమీ కాలిపోలేదు. ఇప్పుడు లండన్ సింఫనీ వాళ్లు సాయంత్రం ఆరున్నరకు గంటసేపటి కచేరీలు పెడుతున్నారు. కండక్టరే ముందు నాలుగు మాటలు చెబుతాడు, గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చోవచ్చు. లండన్‌లోనే పెకమ్ అనే పేటలో ఒక బృందం కార్ పార్కింగ్ అంతస్తులోనే వాయిస్తుంది. స్వరం ఒక్కటి మారలేదు, చుట్టూ ఉన్న బెరుకు తీసేశారు.

ఇక మిగతావి. డబ్బున్నవాళ్లకే అంటారు. 2024లో ప్రామ్స్‌లో నిలబడి వినే టికెట్ 8 పౌండ్లు, మన సినిమా స్పెషల్ షోలకు పెట్టేదానికంటే తక్కువ. సూటు వేసుకోవాలా? వద్దు, జీన్స్ చాలు, పట్టుచీర అయినా సరే. పిల్లల్ని తేవచ్చా అంటే ఫ్యామిలీ కచేరీలకు తెండి, గంటన్నర సాగే బ్రూక్నర్ సింఫనీకి తెచ్చి పాపం వాళ్లను హింసించకండి.

మన నిజామాబాద్ అబ్బాయి మళ్లీ కనిపించింది 2025 మేలో, రాయల్ ఆల్బర్ట్ హాల్లో లైవ్ ఆర్కెస్ట్రాతో 'ఆర్ఆర్ఆర్' వేసిన రోజు. వాళ్లమ్మ కూడా వీసా మీద వచ్చి ఉన్నారు. హాలంతా ఈలలు, కేకలు. ఇంటర్వెల్‌లో నన్ను చూసి సిగ్గుపడుతూ దగ్గరికొచ్చాడు. పక్కనే ఉన్న వాళ్లమ్మ వేదిక వైపు చూపించి, "ఆ పెద్ద ఫిడేళ్లు వట్టిగా, బొమ్మ లేకుండా ఎప్పుడు వాయిస్తరమ్మా?" అని అడిగింది. జులైలో అన్నాను. "మైకు ఉండదు కదా పెద్దమ్మా, దగ్గరగా కూర్చోబెడతాను" అని ముగ్గురికీ టికెట్లు నేనే తీశాను. నడవా పక్కన సీట్లు. ఆ రోజు మూవ్‌మెంట్ అయ్యీ అవ్వగానే ఆవిడే మొదట చప్పట్లు కొట్టింది, వెనక మూడు వరసలు అందుకున్నాయి.