వెరాక్రుజ్ గవర్నర్‌ని అడిగే దిక్కు లేకుండా ఎలా పోయింది?

మెక్సికోలో రాష్ట్ర గవర్నర్ అంటే మన రాజ్‌భవన్ గవర్నర్ కాదు. జనం నేరుగా ఓటేసి ఆరేళ్లకు ఎన్నుకునే ముఖ్యమంత్రి అనుకోండి, పోలీసులూ ఖజానా రెండూ ఆయన చేతిలోనే ఉంటాయి. వెరాక్రుజ్ గవర్నర్ హావియెర్ దువార్తె 2016 అక్టోబరులో, ఇంకా నెలన్నర పదవి మిగిలి ఉండగానే సెలవు పెట్టి పరారయ్యాడు. 2017 ఏప్రిల్‌లో గ్వాటెమాలాలో దొరికాడు. ఇదంతా ఒక్కడి దురాశ అనుకుని వదిలేస్తే అసలు సంగతి దాటిపోతుంది.

1929 నుంచి 2016 దాకా ఆ కుర్చీ ఒకే పార్టీది, ఇప్పటి పేరు పీఆర్ఐ (ఇన్‌స్టిట్యూషనల్ రెవల్యూషనరీ పార్టీ). ఇక్కడ గవర్నర్లుగా చేసిన మిగెల్ అలెమాన్, రూయిస్ కోర్తినెస్ ఒకరి తర్వాత ఒకరు దేశాధ్యక్షులయ్యారు. అలెమాన్ కొడుకు 1998లో గవర్నరయ్యాడు. టికెట్ ఇచ్చేది అధ్యక్షుడే, నచ్చకపోతే ఇంటికి పంపేదీ ఆయనే, 1988–94 మధ్య అధ్యక్షుడైన సాలినాస్ హయాంలో పదిమందికి పైగా గవర్నర్లు మధ్యలోనే దిగిపోయారు. అది ప్రజాస్వామ్యం కాదు, కానీ పైన ఒక భయం ఉండేది.

2000లో పీఆర్ఐ అధ్యక్ష పదవి పోగొట్టుకోవడంతో ఆ భయం పోయింది. దాని బదులు రాష్ట్రంలో అడ్డుకునే వ్యవస్థ ఏదీ బలపడలేదు, అసెంబ్లీ, ప్రాసిక్యూటర్ అంతా గవర్నర్ మనుషులే. దువార్తె అంతకుముందు గవర్నర్ దగ్గర ఆర్థిక కార్యదర్శిగా చేసినవాడు. అతని హయాంలో ప్రజల సొమ్ము డొల్ల కంపెనీలకు తరలిపోయింది, 17 మంది దాకా జర్నలిస్టులు హత్యకు గురయ్యారు.

నన్ను బాగా కదిలించేది అక్కడ పిల్లలు తప్పిపోయిన తల్లుల సంగతి. 2016 మదర్స్ డే నాడు వెరాక్రుజ్ రేవు పట్టణంలో తప్పిపోయిన పిల్లల కోసం ఊరేగింపు తీస్తుంటే ఎవరో వచ్చి శవాలు పాతిపెట్టిన చోట్లు చూపిస్తూ చేత్తో గీసిన మ్యాప్ ఒకటి వాళ్ల చేతిలో పెట్టారు. వాళ్లే చందాలు పోగుచేసుకుని, నేలలోకి ఇనప చువ్వలు దిగ్గొట్టి, పైకి లాగి కొసకి శవాల వాసన ఉందేమో చూస్తూ వెతికారు. కొలినాస్ దె సాంతా ఫే అనే ఆ చోట 250కి పైగా పుర్రెలు బయటపడ్డాయి. ప్రభుత్వం చేయాల్సిన పని అది!

2018లో దువార్తె నేరం ఒప్పుకున్నాక తొమ్మిదేళ్ల శిక్ష పడింది, అదీ మనీలాండరింగ్, నేరస్తుల ముఠా కేసులోనే. ఈలోగా 2016లో ప్రతిపక్షం, 2018లో మొరేనా అనే కొత్త పార్టీ గెలిచాయి, 2024లో మొరేనా నుంచే రొసియో నాలె తొలి మహిళా గవర్నరయ్యారు. అధ్యక్ష పదవి, గవర్నర్ పదవి మళ్లీ ఒకే పార్టీ దగ్గరున్నాయి, రాష్ట్ర అసెంబ్లీలో మెజారిటీ కూడా ఆ కూటమిదే.