రిక్టర్‌కి గురువే లేడా? పియానో నేర్చుకునేవాళ్లలో అపోహలు - వాస్తవాలు

క్లాసు మానేస్తామని చెప్పడానికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఒకే కథ చెబుతారు. ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఒడెస్సాలో స్వియతొస్లావ్ రిక్టర్ అనే కుర్రాడు ఉండేవాడట, తర్వాత పేరుమోసిన సోవియట్ పియానిస్టు అయ్యాడు. గురువు లేడు, స్కేల్స్ (స్వరాలను వరసగా ఎక్కిస్తూ దించుతూ వాయించే అభ్యాసం) సాధన చేయలేదు. 22 ఏళ్లకు మాస్కో వెళ్లి వాయిస్తే అక్కడి పెద్ద గురువే నివ్వెరపోయాడట. "మరి మావాడికి క్లాసులెందుకు మేడమ్, యూట్యూబ్ చూసి బాగానే వాయిస్తున్నాడు కదా" అంటారు.

ఈ కథలో అబద్ధం పెద్దగా లేదు. స్కేల్స్ ముట్టుకోలేదని రిక్టరే చెప్పుకున్నాడు. 1937లో మాస్కో కన్సర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, ఆ పెద్ద గురువు హైన్రిక్ నైహౌస్ దగ్గరికి వెళ్లేనాటికి రిక్టర్‌కు 22 ఏళ్లే. పిల్లల్ని ముంచుతున్నది కథలో చెప్పకుండా వదిలేసిన సగం.

వాళ్ల నాన్న తియోఫిల్ రిక్టర్ వియన్నాలో చదువుకున్న పియానిస్టు, ఆర్గన్ వాద్యకారుడు. ఒడెస్సా కన్సర్వేటరీలో పాఠాలు చెప్పేవాడు. కొడుక్కి పునాది వేసింది ఆయనే. తర్వాత పిల్లాడు తనంతట తానే సాగాడు, నిజమే. కానీ దేనితో సాగాడు? ఎదురుగా అచ్చు నోట్లు పెట్టుకొని. జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపెరాల (పాటలతో నడిచే నాటకాల) పియానో స్కోర్లు, అంటే నోట్లు అచ్చేసిన పుస్తకాలు, తెరిచి, మొదటిసారి చూస్తూనే వాయించేవాడు. ఇంకా పదిహేనేళ్ల వయసుకే పాటగాళ్లకు తోడుగా వాయించే పనిలో దిగాడు. ఆ తర్వాత ఒడెస్సా ఒపెరాలో రిహార్సల్ పియానిస్టు అయ్యాడు. ఆ ఉద్యోగమంటే మాటలు కాదు. ఏ స్కోరు ముందు పెడితే అది వాయించాలి. గాయకుడు తడబడితే ఆగి మళ్లీ అందుకోవాలి. డాన్సర్ల అడుగుకు లయ తప్పకూడదు. రోజూ అదే పని, ఏళ్ల తరబడి. 1934లో ఒడెస్సాలో స్వరకర్త షోపాన్ రచనలతోనే మొదటి సోలో కచేరీ ఇచ్చాడంటే వెనక అంత చదువు ఉంది.

1943 జనవరిలో రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్ రాసిన ఏడో పియానో సొనాటాను (కొన్ని భాగాలుగా సాగే పెద్ద రచనను) మొట్టమొదట వేదిక మీద వాయించింది రిక్టరే. నాలుగు రోజుల్లో నేర్చుకున్నానని చెప్పాడు. దాన్ని మాయగా చెప్పుకుంటారు. కానీ కొత్త కాగితం చూడగానే చెవిలో మోగేలా ఆయన కన్ను ఎప్పుడో తయారై ఉంది.

గురువు అక్కర్లేకపోతే ఆయన మాస్కో ఎందుకు వెళ్లినట్టు? రాజకీయ పాఠాలకు హాజరు కానందుకు మొదటి ఏడాదే కన్సర్వేటరీ నుంచి రెండుసార్లు తీసేస్తే, మళ్లీ ఎందుకు తిరిగొచ్చినట్టు? నైహౌస్ ఇంట్లో పియానో కింద పడుకొని మరీ ఉన్నాడు. తను నేర్పింది ఏమీ లేదన్నట్టే గురువు మాట్లాడేవాడు. శిష్యుడు మాత్రం పాడినట్టు మోగే స్వరాన్నీ, స్వరాల మధ్య మౌనం విలువనూ ఆయన దగ్గరే నేర్చుకున్నానన్నాడు.

నా దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. తెర మీద రంగు గీతలు కిందికి జారే వీడియోలు చూసి కష్టమైన పీసులే నేర్చుకుంది. వేళ్లు చక్కగా కదులుతాయి. సైట్ రీడింగ్ (నోట్లు మొదటిసారి చూస్తూనే వాయించడం) కోసం చిన్న పిల్లల పుస్తకం ముందు పెడితే ఎడమ చేతి గీతల్లో ఒక్క నోటు పోల్చుకోలేక ఏడ్చేసింది. తనకు తెలివి లేదనుకుంది పాపం. తెలివికేం లోటు లేదు. చదవడం ఎవరూ నేర్పలేదు, అంతే. పెద్ద పీసులు వాయించిన పిల్లకు మళ్లీ మొదటి పుస్తకం పట్టుకోవడం ఎంత నామోషీగా ఉంటుందో చూస్తే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇలాంటి పిల్లల్లో చాలామంది అక్కడే మానేస్తారు. అందుకే ఆ కథ వింటే నాకు కోపం వస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

రోజుకు పన్నెండు గంటల సాధన: పుకారు. మామూలుగా మూడు గంటలేనని రిక్టర్ చెప్పాడు. పిల్లల్ని గంటలకు గంటలు పియానో ముందు కూర్చోబెట్టి మణికట్టు నొప్పి తెప్పించకండి.

సోవియట్ ప్రభుత్వం నెత్తిన పెట్టుకుంది కాబట్టే పైకొచ్చాడు: 1950లో స్టాలిన్ బహుమతి ఇచ్చారు. అంతకుముందు 1941లో ఆయన తండ్రిని కాల్చి చంపింది కూడా ఆ ప్రభుత్వమే. అమెరికాలో వాయించనిచ్చింది 1960లో. ఇది తెలిసి మాట్లాడాలి.

"నాకు పాతికేళ్లు దాటాయి, ఇంకేం వస్తుంది" అని మెల్లగా అడిగే ఉద్యోగస్తులకు: టెన్షన్ పడకండి. రిక్టర్ 22 ఏళ్లకు మొదలుపెట్టలేదు కాబట్టి ఆయనతో పోల్చుకొని ఆశపడాల్సిన పని లేదు, దిగులుపడాల్సిన పనీ లేదు. పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్లు సాధారణంగా నోట్లు చదవడం పిల్లలకంటే త్వరగా పట్టుకుంటారు. వేళ్లకే కాస్త ఓపిక కావాలి.

పుస్తకం చూసి వాయిస్తే చిన్నతనం: అసలు కాదు. 1980ల నుంచి రిక్టర్ హాల్లో దీపాలు తగ్గించి, స్కోరు మీద మాత్రం చిన్న దీపం పెట్టుకొని, చూస్తూనే వాయించాడు. వయసుతో చెవికి స్వరాలు అసలు కంటే పైస్థాయిలో వినబడడం దానికి ఒక కారణం. లండన్‌ ట్రినిటీ కాలేజీ నిర్వహించే సంగీత గ్రేడ్ పరీక్షల్లోనూ పుస్తకం ముందు పెట్టుకోవచ్చు. కాబట్టి వచ్చేవారం క్లాసుకు పుస్తకం మర్చిపోయి రావద్దు. వీడియో చూసి నేర్చుకున్న పీసు ఏదైనా ఉంటే దాని అచ్చు నోట్లు కూడా తెచ్చుకోండి, మొదటి నాలుగు బార్లు (నిలువు గీతల మధ్య గళ్లు) ఎడమ చేత్తోనే చదువుదాం.