సీసా మీద పేరు, చర్మంలో దాని చోటు

బెంగళూరులో మారతహళ్లి చుట్టుపక్కల బ్యూటీ పార్లర్లలో తెలుగు మాట వినపడని పూట ఉండదు. ఫేషియల్‌కు వచ్చినవాళ్లు ఈమధ్య ఫోనులో ఏదో ఒక సీరం బొమ్మ చూపించి “ఇది నాకు పడుతుందా?” అని అడుగుతున్నారు. బొమ్మ కింద నియాసినమైడ్, హైలురోనిక్ యాసిడ్, పెప్టైడ్లు అని వరసగా పేర్లుంటాయి. బ్యూటీషియన్ చెప్పే జవాబు మీద వాళ్ల డబ్బు, ఒక్కోసారి ఆరోగ్యం కూడా ఆధారపడి ఉంటాయి. ఆ పదార్థం చర్మంలో ఎంత లోతుకు వెళ్లి ఆగుతుందో ముందు చెప్పాలని నా గట్టి నమ్మకం. అది అర్థమైతే మిగతా సగం ప్రశ్నలకు అడిగినవాళ్లే జవాబు చెప్పుకుంటారు.

చర్మం మీది పొర మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించదు, అరచేతుల్లో, అరికాళ్లలో తప్ప. అదొక ఇటుకల గోడ. చచ్చిన కణాలు ఇటుకలు, వాటి సందుల్లో సిరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన జిడ్డు పదార్థం సున్నం. ఈ పొర పని లోపలి తేమను బయటికి పోనివ్వకపోవడం, బయటివాటిని లోపలికి రానివ్వకపోవడం. దీన్ని దాటాలంటే అణువు చిన్నదై ఉండాలి. సుమారు 500 డాల్టన్ల బరువు మించిన అణువులు ఆరోగ్యమైన చర్మాన్ని దాటడం చాలా కష్టమని నెదర్లాండ్స్‌కు చెందిన బోస్, మైనార్డి 2000లో ప్రతిపాదించారు. డాల్టన్ అంటే దాదాపు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు.

ఇక లెక్క చూడండి. నియాసినమైడ్ 122, సాలిసిలిక్ యాసిడ్ 138, విటమిన్ ఏ రూపమైన రెటినాల్ 286. ఇవి దాటగలవు. చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రొటీన్ కొల్లాజెన్ సుమారు 3 లక్షలు. కొల్లాజెన్ క్రీము రాస్తే తగ్గిపోయిన కొల్లాజెన్ మళ్లీ చేరుతుందని చెప్పడం అబద్ధం, ఎంత ఖరీదైన డబ్బాలో పెట్టినా సరే. అది పైన ఉండి చర్మాన్ని కాసేపు మెత్తగా ఉంచుతుంది, అంతే. మామూలు హైలురోనిక్ యాసిడ్ కూడా పెద్ద అణువే. అది పైపొరలో నీటిని పట్టి ఉంచుతుంది. తడి ముఖానికి రాసి, పైన మాయిశ్చరైజర్ వేయకపోతే రోజంతా ఏసీ ఆఫీసులో కూర్చునేవాళ్లకు దానితో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

లోపలికి వెళ్లేవాటికీ గడువు కావాలి. మచ్చలకు కారణమైన రంగు పదార్థం, మెలనిన్, చర్మంలో కొన్ని కణాల్లో తయారై పక్క కణాలకు చేరుతుంది. నియాసినమైడ్ ఆ చేరవేతను తగ్గిస్తుంది. అప్పటికే రంగు నిండిన కణాలు పైకి వచ్చి రాలడానికి నెల, వయసు పెరిగితే అంతకన్నా ఎక్కువే పడుతుంది. అందుకే “రెండు మూడు నెలలు వాడి చూడండి” అనడం నిజాయితీ, “వారంలో మెరుపు” అనడం మోసం. పరిశోధనల్లో ఎక్కువగా వాడింది 2 నుంచి 5 శాతమే. 10 శాతం రాస్తే ఫలితం రెట్టింపవుతుందని అనుకోనక్కర్లేదు, కొందరికి మంట మాత్రం పుడుతుంది. సాలిసిలిక్ యాసిడ్ నూనెలో కరుగుతుంది కాబట్టి జిడ్డు నిండిన రంధ్రాల్లోకి చొరబడి మొటిమలకు పనికొస్తుంది. రెటినాల్ రాత్రిపూట, కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. గర్భిణులకు అసలు వద్దు.

“రసాయనాలు లేనిది ఇవ్వండి” అని అడిగేవాళ్లకు నిమ్మకాయ ఉదాహరణ చెప్పాలి. చర్మం పీహెచ్ (ఆమ్లతను కొలిచే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఘాటు) సుమారు 5, నిమ్మరసానిది 2 దాకా ఉంటుంది. పైగా నిమ్మజాతి పండ్లలో ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి నల్లమచ్చలు వేసే పదార్థాలున్నాయి. వంటింట్లోంచి వచ్చిందన్న ఒక్క కారణంతో ఏదీ ముఖానికి మంచిదైపోదు.

ఎండ మాటకొస్తే, నెల్లూరు, విజయవాడల ఉక్క నుంచి వచ్చినవాళ్లు బెంగళూరు ఎండను తేలిగ్గా తీసుకుంటారు. గాలి చల్లగా ఉన్నంత మాత్రాన అతినీలలోహిత కిరణాలు తగ్గవు. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్ల ఎత్తుకు ఆ కిరణాల తీవ్రత సుమారు పది శాతం పెరుగుతుంది, పల్చటి మబ్బు పెద్దగా ఆపదు. మంగుమచ్చలకు వేల రూపాయల సీరంలు కొని సన్‌స్క్రీన్ మానేసేవాళ్లకు ఆ డబ్బు వృథా అని మొహమాటం లేకుండా చెప్పాలి. ఎస్‌పీఎఫ్ (సన్‌స్క్రీన్ ఎండను ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 30 సరిపోతుంది. అది మంట పుట్టించే యూవీబీ కిరణాలను 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98 శాతం. అయితే ఆ అంకె చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాస్తేనే నిజం. చాలామంది రాసేది అందులో సగం కూడా ఉండదు.

లేబుల్ చదవడం కూడా నేర్పించవచ్చు. 2020 నాటి మన సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం 1 శాతం మించిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి, ఆ తర్వాతవి ఏ వరసలోనైనా రాయవచ్చు. డబ్బా ముందు పెద్ద అక్షరాల్లో మెరిసే పేరు వెనక పట్టికలో చివర కనిపిస్తే అది నామమాత్రంగానే ఉందని అనుమానించాలి.

పట్టికే లేని డబ్బా మరీ ప్రమాదం. తెల్లబరిచే కొన్ని క్రీముల్లో పాదరసం దొరికింది, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఇంకొన్ని నిజానికి మందు ట్యూబులే. వాటి మీద మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసాల్ వంటి పేర్లుంటే అవి స్టెరాయిడ్లు. మొదట్లో ముఖం తేటపడినట్టు కనిపిస్తుంది, నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబారి, సన్నని రక్తనాళాలు బయటపడతాయి. మానగానే మంట, మొటిమలు ఎగదన్నుతాయి, దాంతో మళ్లీ అదే రాస్తారు. 2018లో ప్రభుత్వం ఇలాంటి 14 పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అలాంటి ట్యూబుతో ఎవరైనా పార్లర్‌కు వస్తే ఆ రోజు ఫేషియల్, బ్లీచ్ ఏవీ చేయకూడదు. మందును ఎలా మాన్పించాలో నిర్ణయించాల్సింది చర్మవైద్యులే కాబట్టి ట్యూబును పారేయకుండా వెంట తీసుకెళ్లి వాళ్లకు చూపించమని పంపాలి.