కుటుంబ వీసా ఫైలు ఎక్కడ ఆగుతుంది? వందేళ్ల నేపథ్యం

అమెరికా పౌరసత్వం పొందిన కొడుకో కూతురో తమవారి వలస వీసా కోసం వేసిన ఐ-130 పిటిషన్‌కు ఆమోదం వచ్చిందని తెలియగానే హైదరాబాద్‌లోని కుటుంబాలు పని అయిపోయినంతగా సంతోషిస్తాయి. అసలు తిప్పలు ఆ తర్వాతే మొదలవుతాయి. జనన ధ్రువపత్రంలో పేరు లేదని, తల్లి పేరు ఒక కాగితంలో ఒకలా మరో కాగితంలో ఇంకోలా ఉందని, పోషణకు హామీ ఇచ్చే స్పాన్సర్ ఆదాయపు రుజువు చాలదని ఒకదాని వెనుక ఒకటిగా సందేశాలు వస్తాయి. వీటివల్ల పోయే కాలాన్ని, వీసా వంతు కోసం ఎదురుచూసే కాలాన్ని చాలామంది ఒకటిగానే లెక్కవేసుకుంటారు. కానీ ఇవి వేరు వేరు కారణాల నుంచి పుట్టిన రెండు ఆలస్యాలు. ఒకటి అమెరికా చట్టం విధించిన సంఖ్యా పరిమితి వల్ల వచ్చింది, దాన్ని ఏ దరఖాస్తుదారూ కదిలించలేరు. రెండోది మన జనన, వివాహ నమోదుల చరిత్ర నుంచి వచ్చింది, దాన్ని ముందే గుర్తించిన కుటుంబం చాలావరకు తగ్గించుకోగలదు.

వలస వచ్చేవారు బయలుదేరకముందే తమ దేశంలోని అమెరికా కాన్సులేట్‌లో వీసా తీసుకోవాలన్న పద్ధతిని స్థిరపరిచింది 1924 నాటి వలస చట్టం. జనన ధ్రువపత్రం నకళ్లు, జైలు, సైనిక రికార్డులు, ప్రభుత్వం వద్ద ఆ వ్యక్తి గురించి ఉన్న ఇతర పత్రాలు లభ్యమైతే సమర్పించాలని ఆ చట్టంలోనే ఉంది. భారతీయుల వలసకు అప్పటికి దారి మూసి ఉంది. 1946లో మన దేశానికి ఏడాదికి 100 మంది చొప్పున కోటా ఇచ్చారు. 1952 చట్టం పత్రాల నిబంధనను కొనసాగిస్తూ, అవి దొరకనప్పుడు కాన్సులర్ అధికారికి తృప్తి కలిగించే ఇతర సాక్ష్యాన్ని చూపవచ్చని వెసులుబాటు ఇచ్చింది. ఫైలు అసంపూర్ణంగా ఉంటే వీసా నిరాకరించే 221(జీ) సెక్షన్ కూడా ఆ చట్టంలోదే. ఇంటర్వ్యూలో చేతికిచ్చే ఆ చీటీని చూసి శాశ్వత తిరస్కరణ అనుకుని కుంగిపోయినవారు మన ఊళ్లో ఎందరో ఉన్నారు. కేవలం పత్రాల లోపం వల్ల ఆ చీటీ వచ్చినట్లయితే, కోరినవి అందించగానే ఫైలు మళ్లీ కదులుతుంది. అందుకు ఏడాది గడువు ఉంటుంది, అది దాటితే మళ్లీ ఫీజు కట్టి మొదటి నుంచి దరఖాస్తు చేసుకోవలసి వస్తుంది.

వీసా వంతు కోసం నిలబడే వరుస కథ 1965లో మొదలైంది. జాతి ఆధారిత కోటాలను రద్దు చేసి కుటుంబ బంధాలకు పెద్దపీట వేసిన ఆ ఏటి చట్టం మనవారి వలసకు తలుపు తెరిచింది. 1990 చట్టం కేటగిరీల సంఖ్యలను ఇప్పుడున్న రూపానికి తెచ్చింది. పౌరుల తోబుట్టువులకు, అంటే ఎఫ్4 కేటగిరీకి, ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65,000 వీసాలు కేటాయించి, పరిమితి ఉన్న వీసాల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి దక్కకూడదని షరతు పెట్టింది. దాని ఫలితంగా, భారతీయ తోబుట్టువుల కేటగిరీలో 2006లో దాఖలైన పిటిషన్ల వంతు 2025లో నడిచింది. పౌరుల భార్యాభర్తలకు, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకు, తల్లిదండ్రులకు మాత్రం ఈ పరిమితి లేదు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే చిక్కు ఇక్కడే ఉంది. చట్టం ఏ వరుసా పెట్టని తల్లిదండ్రుల చేతుల్లోనే అతి బలహీనమైన కాగితాలు ఉన్నాయి. ఈ రోజు పిల్లల దగ్గరికి వెళ్లడానికి దరఖాస్తు చేస్తున్న తల్లిదండ్రుల్లో చాలామంది 1940ల నుంచి 1960ల మధ్య పుట్టినవారు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చి, అత్యధిక రాష్ట్రాల్లో 1970 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అంతకుముందు తెలంగాణ పల్లెల్లో ఇంట్లో మంత్రసాని చేతుల మీద జరిగిన కాన్పును రాసిపెట్టినవారు అరుదు. నిజాం కాలపు రికార్డు ఏదైనా మిగిలి ఉంటే అది ఉర్దూలో, ఆనాటి రెవెన్యూ క్యాలెండర్ అయిన ఫసలీ సంవత్సరం లెక్కన ఉంటుంది. బడిలో చేర్చిన రోజున పంతులుగారు అంచనాగా వేసిన తేదీయే టెన్త్ మెమోలోకి, అక్కడి నుంచి పాస్‌పోర్టులోకి ఎక్కింది. బడికే వెళ్లని తల్లికి ఆ ఆధారమూ లేదు. ఆమె వయసు ఓటరు కార్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి.

ఇలాంటి తల్లి విషయంలో అడగవలసింది పాత తేదీతో కొత్తగా పుట్టించిన జనన ధ్రువపత్రం కాదు. రిజిస్టర్లో వెతికించి, నమోదు లేదని అధికారికంగా రాసిచ్చే నాన్ అవైలబిలిటీ సర్టిఫికేట్ తీసుకోవాలి. దానికి తోడుగా ఆమె పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్లు, చదువుకుని ఉంటే బడి రికార్డు జతచేయాలి. ఆలస్యపు నమోదు చట్టబద్ధమైనదే. ఏడాది దాటిన జననాలకు మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలని 1969 చట్టమే చెప్పింది, 2023 సవరణ ఆ అధికారాన్ని జిల్లా మెజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మెజిస్ట్రేటు స్థాయికి మార్చింది. అయితే డెబ్బై ఏళ్ల మనిషికి నిరుడు నమోదైన జననాన్ని చూసిన అధికారి పాత సాక్ష్యం కూడా చూపమనడం సహజం. తల్లీబిడ్డల బంధానికి కాగితాలు చాలనప్పుడు కాన్సులేట్లు డీఎన్ఏ పరీక్షను సూచించడమూ ఉంది.

1970 తర్వాత పుట్టినవారికీ చిక్కులు లేకపోలేదు. ఆస్పత్రి నుంచి మున్సిపాలిటీకి వెళ్లిన సమాచారంలో తల్లిదండ్రుల పేర్లు, తేదీ, ఆడో మగో అన్న వివరం ఉంటాయి, బిడ్డ పేరు మాత్రం ఉండదు, ఎందుకంటే అప్పటికి బారసాల కాలేదు. ఆ గడి అలాగే ఖాళీగా ఉండిపోయిన పత్రం నలభై ఏళ్ల తర్వాత బీరువాలోంచి బయటికి వస్తుంది. అందులో తండ్రి పేరు ముందు ఇంటిపేరు ఒక అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, తల్లి పేరు చివర ‘అమ్మ’ ఒకచోట ఉండి మరోచోట ఉండదు. మనకు ఇవన్నీ ఒకే మనిషి పేర్లని చూడగానే తెలుస్తుంది. స్కాన్ చేసిన కాగితం తప్ప మరేమీ ముందు లేని సమీక్షకునికి అవి వేర్వేరు పేర్లుగానే కనిపిస్తాయి.

ఊళ్ల పాలన మారడం మరో పొర. 2007లో 12 మున్సిపాలిటీలు హైదరాబాద్ నగరపాలక సంస్థతో కలిసి జీహెచ్ఎంసీ ఏర్పడింది. 2014లో రాష్ట్రం విడిపోయింది. 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, తర్వాత 33కు చేరాయి. కరీంనగర్ జిల్లాలో పుట్టినట్లు పాస్‌పోర్టులో ఉన్న వ్యక్తికి ఇప్పుడు జగిత్యాల జిల్లా పేరుతో ధ్రువపత్రం వస్తుంది. ఊరు మారలేదని, జిల్లా మాత్రమే మారిందని ఒక వివరణ జతచేస్తే తీరే విషయమిది.

పెళ్లిళ్ల నమోదు సంగతీ ఇంతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వివాహ నమోదును తప్పనిసరి చేసిన చట్టం 2002లో వచ్చింది. 1970లలో గుడిలోనో ఇంటి ముందు పందిట్లోనో జరిగిన పెళ్లికి శుభలేఖ, నాలుగు నలుపు తెలుపు ఫొటోలు మిగిలితే అదృష్టం. ముస్లింల వివాహ పత్రమైన నికానామా ఉర్దూలో ఉంటుంది గనుక పాతబస్తీ కుటుంబాలు వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగం ఇచ్చే వివాహ ధ్రువపత్రం కోసం నాంపల్లి హజ్ హౌస్‌కు వెళ్లడం ఏనాటి నుంచో ఉన్నదే. ఇక గల్ఫ్‌లో ఏడాదికి మించి పనిచేసి వచ్చినవారు, ఇక్కడి పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారా పొందే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికేట్ (పీసీసీ)తోపాటు ఆ దేశపు పోలీసు ధ్రువపత్రం కూడా చూపవలసి ఉంటుంది. ఎన్నడో తిరిగొచ్చిన మనిషికి అది ఎంత శ్రమో దానికోసం తిరిగినవారికే తెలుసు.

న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని పోర్ట్స్‌మత్‌లో 1994లో, ఆమోదం పొందిన పిటిషన్ల పత్రాలను పరిశీలించే నేషనల్ వీసా సెంటర్ ఏర్పడింది. డీఎస్-260 అనే వలస వీసా దరఖాస్తు, ఫీజులు, పత్రాలు అన్నీ సరిపోయాయని అక్కడ తేలితే గాని ఇంటర్వ్యూ వరుసలో పేరు పడదు. 1996 చట్టం ప్రకారం స్పాన్సర్ ఇచ్చే హామీ పత్రం, ఐ-864, 1997 డిసెంబరు నుంచి న్యాయస్థానంలో అమలు చేయించదగిన ఒప్పందమైంది. అమెరికా ప్రభుత్వ పేదరిక మార్గదర్శక రేఖకు 125 శాతం ఆదాయం చూపాలి. ఆ లెక్కలో స్పాన్సర్ ఇంటివారిని, కొత్తగా వచ్చేవారిని అందరినీ కలుపుతారు. అది చాలకపోతే జాయింట్ స్పాన్సర్‌ను వెతుక్కోవాలి. 2020 మార్చిలో కాన్సులేట్లు మూతపడి, ఏప్రిల్‌లో అనేక ఇమిగ్రెంట్ వీసాలను అధ్యక్షుని ఉత్తర్వు నిలిపివేశాక, పత్రాలు పూర్తయినా ఇంటర్వ్యూ దక్కనివారు ప్రపంచవ్యాప్తంగా 2021లో 4 లక్షలు దాటారు. ఆ ఉత్తర్వును 2021 ఫిబ్రవరిలో ఉపసంహరించినా పేరుకున్న భారం వెంటనే తగ్గలేదు.

హైదరాబాద్ కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడ సొంత భవనానికి మారింది. అయినా మన కుటుంబాలు ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూకు ఏళ్లుగా ముంబై రైలు ఎక్కుతూనే ఉన్నాయి. వైద్య పరీక్ష సాధారణంగా ఆరు నెలలే చెల్లుతుంది గనుక, 221(జీ) కింద ఒక కాగితం ఆలస్యమైతే ముసలి తల్లిదండ్రులు ఆ పరీక్ష మళ్లీ చేయించుకోవలసి వస్తుంది.

తోబుట్టువుల ఫైళ్లలో ఆలస్యానికి మరింత పెద్ద మూల్యం ఉంది. పిటిషన్ వేసినప్పుడు అయిదేళ్లున్న పిల్లవాడు వంతు వచ్చేసరికి 21 దాటిపోతాడు. 2002 నాటి బాలల హోదా రక్షణ చట్టం పిటిషన్ ఆమోదానికి పట్టిన కాలాన్ని వయసులోంచి తీసివేయనిస్తుంది గాని, వరుసలో నిలబడిన కాలాన్ని తీసివేయదు. అలా వయసు దాటిన పిల్లలకు పిటిషన్ దాఖలైన తేదీని బట్టి ఉండే పాత ప్రయారిటీ డేట్‌తో కొత్త కేటగిరీ దక్కదని 2014లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఆ రక్షణ దక్కే పిల్లలైనా వీసా అందుబాటులోకి వచ్చిన ఏడాదిలోగా దరఖాస్తు వైపు అడుగు వేయాలి. నోటీసు అందాక ఏడాది పాటు స్పందించని కుటుంబం పిటిషన్‌నే కోల్పోవచ్చు. తమ చేతిలో లేని కారణం వల్లే అలా జరిగిందని ఆ నోటీసు అందిన రెండేళ్లలోగా రుజువు చేస్తే పునరుద్ధరణకు అవకాశం ఉంది. ఇరవై ఏళ్ల కిందటి చిరునామాకు వెళ్లిన ఉత్తరాలను, పాత ఈమెయిల్‌లో పడిపోయిన నోటీసులను దృష్టిలో ఉంచుకుంటే, వంతు దగ్గరపడకముందే చిరునామా మార్పు తెలియజేసి, పైన చెప్పిన కాగితాలను ఒక్కొక్కటిగా సమకూర్చుకోవలసిన కాలం ఆ ఎదురుచూపుల కాలమే.