రేటు ఒకటే, పని పేరే వేరట: సమాన వేతనంపై అపోహలు - వాస్తవాలు

ఇరవై ఏళ్లుగా గుంటూరులో లేబర్ కేసులు చూస్తున్నాను. "మగకూలి ఇంత, ఆడకూలి ఇంత" అని బాహాటంగా చెప్పే యజమాని నాకు కోర్టులో ఎదురుపడడం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు వచ్చేవాళ్ల రిజిస్టర్లు కడిగిన ముత్యాల్లా ఉంటాయి. చిక్కంతా అక్కడే. ఇటు కార్మికులూ అటు యజమానులూ నా ముందు కూర్చుని తరచూ అనే మాటలు ఇవి.

అపోహ: లేబర్ కోడ్‌లు వచ్చాక సమాన వేతన చట్టం పోయింది.

వాస్తవం: పేరు పోయింది, హక్కు పోలేదు. 1976 నాటి చట్టాన్ని కనీస వేతనాలు, వేతన చెల్లింపు, బోనస్ చట్టాలతో కలిపి 2019 వేతనాల కోడ్‌లో పెట్టారు. అది 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఒకే యజమాని దగ్గర ఒకే పని గానీ, అలాంటి పని గానీ చేసేవాళ్ల మధ్య జెండర్‌ని బట్టి వేతనంలో తేడా చూపకూడదని 3వ సెక్షన్ చెబుతోంది. నియామకాలకూ ఇదే వర్తిస్తుంది.

అపోహ: ఇది కూలీల చట్టం, ఆఫీసు ఉద్యోగాలకు కాదు.

వాస్తవం: కోడ్‌లో "ఉద్యోగి" అంటే సూపర్‌వైజర్లు, మేనేజర్లు కూడా. మాదాపూర్‌లో టీమ్ లీడ్ అయినా, మా ఊళ్లో కోల్డ్ స్టోరేజీ గుమాస్తా అయినా ఒకటే.

అపోహ: పని పేరు వేరైతే జీతం వేరుగా ఇవ్వొచ్చు.

వాస్తవం: నా కేసుల్లో సగం ఈ ఒక్క మాట మీదే నడిచాయి. గుంటూరు శివార్లలో ఒక కారప్పొడి ప్యాకింగ్ యూనిట్. సీలింగ్ మెషిన్ దగ్గర మగవాళ్లు "ఆపరేటర్లు", రోజుకు 480. ఆడవాళ్లు "హెల్పర్లు", 350. పాత చట్టం కింద ఫారం-డి అని ఒక రిజిస్టర్ ఉండేది: ఏ పని, దాని క్లుప్త వివరణ, అందులో మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు, రేటెంత. ఆ యూనిట్ రిజిస్టర్‌లో ఆపరేటర్ల వరసలో ఆడవాళ్లు సున్నా, హెల్పర్ల వరసలో మగవాళ్లు సున్నా. వివరణ గడి రెండు చోట్లా ఖాళీ. అయితే ప్యాకింగ్ రోల్ మార్చినప్పుడల్లా మెషిన్ పక్కన వేలాడే నోటుబుక్కులో సంతకం పెట్టాలి. ఆ బుక్కు తెప్పించాను. నెలలో సగం రోజులు రోల్ మార్చింది హెల్పర్లే. "రోల్ మార్చడం ఎవరి పనండీ?" అని మేనేజర్‌ని అడిగితే, "ఆపరేటర్ పనే మేడం" అన్నాడు ధీమాగా. అన్నాక గానీ నేనెందుకు అడిగానో ఆయనకు తట్టలేదు.

ఈ దారి వేసింది 1987లో సుప్రీంకోర్టు, మెకినన్ మెకంజీ అనే కంపెనీ కేసులో. అక్కడ మహిళా స్టెనోగ్రాఫర్లకు వేరే పేరు పెట్టి, మగ స్టెనోల కంటే తక్కువ ఇచ్చారు. కాగితం మీది హోదా కాదు, నిజంగా చేస్తున్న పని చూడాలని, చిన్నాచితకా తేడాలు లెక్కలోకి రావని కోర్టు తేల్చింది. కంపెనీకి స్తోమత లేదన్న సాకు కూడా చెల్లలేదు.

ఇక్కడ మన చట్టం లోటు కూడా చెప్పాలి. మిర్చి షెడ్డులో ఆడవాళ్లు పొద్దస్తమానం ఘాటులో కూర్చుని తాలుకాయలు ఏరతారు, తొడిమలు తీస్తారు. హమాలీలు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోస్తారు. రెండూ వేర్వేరు పనులు, కాబట్టి మన కోడ్ వాటిని పక్కపక్కన పెట్టి చూడదు. 1958లో మనం ఆమోదించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 100వ ఒడంబడిక "సమాన విలువ గల పని" అంటుంది. మన చట్టం "అలాంటి పని" దగ్గరే ఆగిపోయింది. పని విలువ తక్కువ కట్టారన్న గొడవ మన దగ్గరే కాదు. బ్రిటన్‌లో 1968లో డాగెన్‌హామ్ ఫోర్డ్ ఫ్యాక్టరీలో కారు సీట్లు కుట్టే ఆడవాళ్లు తమను తక్కువ నైపుణ్యం గ్రేడులో వేశారని సమ్మె చేశారు. 1970లో సమాన వేతన చట్టం వచ్చింది గానీ, వాళ్లు అడిగిన గ్రేడు 1984లో మళ్లీ సమ్మె చేశాకే దక్కింది. పైగా మన కోడ్‌లో ఒకే పని అని తేల్చే కొలతల్లో నైపుణ్యం, శ్రమ, బాధ్యతలతో పాటు "అనుభవం" కొత్తగా చేరింది. పిల్లల కోసం మూడేళ్లు ఇంట్లో ఉండి వచ్చిన అమ్మాయి మీద రేపు యజమాని లాయరు వాడేది ఈ మాటే. నాకు గుబులు అక్కడ.

అపోహ: తక్కువకు తనే ఒప్పుకుని సంతకం పెట్టింది కదా.

వాస్తవం: చెల్లదు. మెకినన్ కేసులో యూనియన్‌తో చేసుకున్న ఒప్పందమే నిలవలేదు, ఇక ఒంటరి మనిషి సంతకం ఎంత?

అపోహ: మగవాళ్ల రేటు తగ్గించేస్తే సమానమైపోతుంది.

వాస్తవం: ఓ యజమాని నన్ను నిజంగానే అడిగాడు. సమానం చేసే పేరుతో ఎవరి రేటూ తగ్గించకూడదని చట్టంలోనే రాసి ఉంది.

అపోహ: క్రికెట్‌లో ఆడా మగా సమానమైపోయారు, ఇంకేం కావాలి?

వాస్తవం: 2022 అక్టోబరులో బీసీసీఐ సమానం చేసింది మ్యాచ్ ఫీజు: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6, టీ20కి 3. అప్పటి వార్షిక కాంట్రాక్టుల్లో మగవాళ్ల పై గ్రేడు 7 కోట్లు, ఆడవాళ్లది 50 లక్షలు. ఆడవాళ్లకు దొరికే టెస్టులెన్నో కూడా లెక్కేయండి. రేటు సమానం కావడం వేరు, ఏడాది చివర చేతికొచ్చేది సమానం కావడం వేరు. చట్టం పట్టుకోగలిగేది మొదటిదాన్నే.

అపోహ: కేసు వేస్తే వచ్చేది బస్సు ఛార్జీలకు చాలదు, ఉద్యోగం మాత్రం పోతుంది.

వాస్తవం: మొదటి సగం తప్పు. మూడేళ్ల లోపు క్లెయిమ్ వేయొచ్చు, మీ తరఫున యూనియన్ కూడా వేయొచ్చు. బకాయికి తోడు దానికి పది రెట్ల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఆ క్లెయిమ్ విచారించే అథారిటీకి ఉంది. శిక్ష విషయంలో మాత్రం కోడ్ మెత్తబడింది. తక్కువ చెల్లిస్తే తొలిసారి 50 వేల దాకా జరిమానాతో సరి, జైలు మాట ఐదేళ్లలో మళ్లీ పట్టుబడితేనే. రెండో సగం అపోహ అని నేననను. మెకినన్ మీద గెలిచిన ఆవిడ కూడా ఉద్యోగం పోయాకే ఫిర్యాదు చేసింది. అందుకే ఒక్కరు కాకుండా నలుగురైదుగురు కలిసి రమ్మంటాను.

వచ్చేటప్పుడు మీ పక్కన అదే పని చేసే మగవాళ్ల పేర్లు, ఏ రోజు ఏ మెషిన్ మీద ఉన్నారో రాసుకున్న కాగితం తెండి. కిరాణా చీటీ వెనక రాసినా పర్లేదు. ఆ ప్యాకింగ్ యూనిట్‌లో నోటుబుక్కు ఉందని నాకు చెప్పింది యూనియన్ నాయకుడు కాదు. వకాలత్ మీద వేలిముద్ర వేయించబోతే, "సంతకమే పెడతా లాయరమ్మా, రోల్ మార్చినప్పుడల్లా పెట్టీ పెట్టీ వచ్చేసింది" అన్న ఒక హెల్పరు.