లోకం మునిగితే సరే, మన మెట్టు మునిగితే?

బుజ్జీ, చిన్నీ,

మొన్న ఫోన్‌లో చిన్ని అడిగింది: "పెదనాన్నా, సినిమాలో సగం లోకం పోతే నాకేం అనిపించలేదు, స్పైడర్‌మాన్ ఒక్కడు పోతుంటే మాత్రం ఏడుపొచ్చేసింది, నేను చెడ్డదాన్నా?" కాదమ్మా. 2018లో వచ్చిన ఆ అవెంజర్స్ సినిమాలో నీకు ఏడుపు రావాల్సిన చోటే వచ్చింది. విలన్ చిటికేస్తే విశ్వంలో సగం ప్రాణులు మాయమయ్యాయన్నారు గానీ, వాళ్ళలో నీకు తెలిసినవాళ్ళు ఎంతమంది? ఆ కుర్రాడు మాత్రం ఐరన్‌మాన్ టోనీ స్టార్క్‌ని గట్టిగా వాటేసుకుని, ఆయన చేతుల్లోనే పొడైపోయాడు.

ఇక్కడ ఇప్పుడు వరదల రోజులు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్ళు 10 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్ళు) దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. టీవీలో ఆ అంకె వింటూనే మనం పెసరట్టు తింటూ ఉంటాం. అవే నీళ్ళు మన వీధరుగు మొదటి మెట్టు ఎక్కాయనుకో, కంచం వదిలేసి లేస్తాం. రెండో మెట్టెక్కితే బియ్యం బస్తా అటక మీదకి, మూడోదెక్కితే మీ నానమ్మ పెళ్ళినాటి ట్రంకుపెట్టె కూడా. ఏటిగట్టు మీద రాత్రంతా కాపలా కాసేవాళ్ళు గోదావరినంతా చూస్తూ కూర్చోరు, తమ ఊరి దగ్గర గట్టుకి నీళ్ళు ఊరుతున్నాయా అని కాళ్ళ కిందే చూసుకుంటారు. సూపర్‌హీరో కథలు రాసేవాళ్ళు అంకె పెంచుకుంటూ పోతున్నారు, ఊరు, దేశం, భూమి, విశ్వం అంటూ, మన మెట్టు దాకా మాత్రం నీళ్ళు రావట్లేదు.

1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. ఆ అంకె నాకు పెద్దయ్యాక తెలిసింది. మేం గోదావరి మధ్య ఉండే ఒక లంకలో ఉండేవాళ్ళం, అప్పుడు నాకు తెలిసిందల్లా మా నాయనమ్మ చూడి గేదెని వదిలి పడవెక్కనని భీష్మించుకుని కూర్చోవడం. "మీరెక్కండమ్మా, దాన్ని మళ్ళీ వచ్చి తోలుకొస్తానండి" అన్నాడు పడవాయన. మమ్మల్ని గట్టు మీద దింపి, ఆ వడిలో నిజంగానే వెనక్కి వెళ్ళాడు. పులిహోర పొట్లాలు పంచుతున్నా ఎవరికీ తినబుద్ధి కాలేదు, అందరి కళ్ళూ ఆ పడవ మీదే. చీకటి పడే వేళకి గేదెని తాడుతో పట్టుకుని, పడవ పక్కనే ఈదించుకుంటూ వచ్చాడు. వెళ్ళకపోయినా ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు. మీరూ ఎవరికైనా చిన్న మాటిస్తే అలాగే నిలబెట్టుకోండర్రా.

మొదట్లో ఈ హీరోలూ అలాంటి పనులే చేసేవారు. 1938లో సూపర్‌మాన్ తన మొదటి కథలో ఏం చేశాడో తెలుసా? చెయ్యని హత్యకి మరణశిక్ష పడ్డ ఒకావిడను కాపాడాడు, పెళ్ళాన్ని కొడుతున్న ఒక మొగుడి పని పట్టాడు. 1962లో వచ్చిన స్పైడర్‌మాన్ మొదటి కథలోనూ భూమికి ఏ ప్రమాదమూ లేదు. పారిపోతున్న దొంగని ఆపగలిగీ నాకెందుకులే అని వదిలేశాడు, ఆ దొంగే తర్వాత తనని పెంచిన బెన్ అంకుల్‌ని చంపేశాడు. అంతే కథ. అరవై ఏళ్ళు దాటినా జనం దాన్ని మర్చిపోలేదు.

అసలు లోకం పోదని మనకి ముందే తెలుసు కదా, పోతే వచ్చే ఏడాది సినిమా ఎవరితో తీస్తారు? కొండనెత్తేవాడికి ఇంకో కొండ అడ్డం పెడితే టెన్షన్ ఎక్కడినుంచి వస్తుంది? అదే వాడి స్నేహితుడు వాడితో మాట్లాడ్డం మానెయ్యొచ్చు, అమ్మ దగ్గర ఆడిన అబద్ధం బయటపడొచ్చు. అవి నిజంగా పోయేవి, ఎంత బలమున్నా తిరిగి రానివి. పేరు తెలియని కోట్లమందికి రాని కన్నీళ్ళు ఒక్కడి కోసం రావడం ఎంత విచిత్రమో, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

బుజ్జీ, నీ నోట్‌బుక్ కథలో గ్రహశకలం వచ్చి భూమిని గుద్దబోతోందన్నావు. దాన్ని కొన్నాళ్ళు ఆకాశంలోనే ఉండనీ. వరద తగ్గాక నాన్నని తోడు తీసుకుని సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు, అదే మనుషుల్నీ బైకుల్నీ ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కు. బైకులు, చేపల బుట్టలు, పుట్టింటికెళ్ళే ఆడపిల్లలు, అందరినీ బాగా చూడు. ఏటి మధ్యలో ఇంజన్ ఆగిపోయిందనుకో. నీ హీరో ఆ జనంలోనే ఉన్నాడు, ఎగిరితే తనెవరో పక్కనున్న వాళ్ళమ్మకి తెలిసిపోతుంది, తెలిస్తే ఆవిడకి ఇంక ఏ రాత్రీ నిద్ర పట్టదు. ఏం చేస్తాడో రాసి పంపు, వాళ్ళమ్మ చేతి సంచిలో ఏముందో కూడా రాయి.

మీ పెదనాన్న