స్తంభం వెనక సుడులు: కంప్యూటర్ లెక్క ఎక్కడ దారి తప్పుతుంది?

పారే నీళ్ళలో ఒక కడ్డీ నిలబెడితే దాని వెనక సుడులు ఓసారి కుడివైపు నుంచి, ఓసారి ఎడమవైపు నుంచి విడివడి వరసగా కొట్టుకుపోతాయి. దీన్ని కార్మాన్ సుడుల బాట అంటారు. ప్రవాహాల సిమ్యులేషన్ నేర్చుకునేవాళ్ళు తొలిరోజుల్లోనే వేసే లెక్క ఇది. రంగురంగుల బొమ్మ తెప్పించడం తేలికే. ఆ బొమ్మలోని సుడులు నిజం నీళ్ళలో విడివడే వేగంతోనే విడివడుతున్నాయా అన్నది చూడాలి.

ఒక సెంటీమీటరు వ్యాసం ఉన్న కడ్డీ, సెకనుకు ఒక సెంటీమీటరు వేగంతో నీళ్ళు అనుకుందాం. వేగాన్ని వ్యాసంతో గుణించి నీటి స్నిగ్ధతతో (అంటే చిక్కదనంతో) భాగిస్తే 100 వస్తుంది. అదే రెనాల్డ్స్ సంఖ్య. ఇది 5 లోపు ఉంటే నీరు కడ్డీని అంటిపెట్టుకునే చుట్టి వెళ్తుంది. 47 దాకా వెనక రెండు సుడులు కదలకుండా జంటగా కూర్చుంటాయి. అది దాటాక విడివడడం మొదలు. సెకనుకు ఎన్ని జతలు విడివడుతున్నాయో దాన్ని వ్యాసంతో గుణించి వేగంతో భాగిస్తే వచ్చేది స్ట్రౌహాల్ సంఖ్య. 100 దగ్గర అది సుమారు 0.165. అంటే మన కడ్డీకి దాదాపు 6 సెకన్లకు ఒక జత సుడులు. నీరు కడ్డీని వెనక్కి లాగే బలం డ్రాగ్; దాన్ని కొలిచే డ్రాగ్ గుణకం 1.33 దరిదాపుల్లో ఉండాలి. ఈ రెండు అంకెలూ ముందే రాసి పెట్టుకోవాలి.

జపాన్ శాస్త్రవేత్త కవాగుతి 1953లో రెనాల్డ్స్ సంఖ్య 40కి ఇదే లెక్కను చేత్తో తిప్పే గణన యంత్రం మీద చేశాడు. సుడులు కదలని సులువు కేసే అయినా, వారానికి 20 గంటల చొప్పున ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు మామూలు లాప్‌టాప్‌కు అది నిమిషాల పని. తప్పు చేయడానికీ అంతే సమయం చాలు.

మొదటి పొరపాటు స్థలం దగ్గర, అంటే కడ్డీ చుట్టూ ఎంత మేర నీటిని లెక్కలోకి తీసుకోవాలన్న దగ్గర. కడ్డీకి ముందు 15 వ్యాసాలు, పక్కలకు చెరో 15, వెనక 30 వదలాలి. పక్క గోడలు దగ్గరైతే నీరు ఇరుకున పడి వేగం పుంజుకుంటుంది, డ్రాగ్ పెరిగిపోతుంది. వెనక హద్దు దగ్గరైతే బయటికి పోయే ప్రతి సుడీ ఆ హద్దును తాకినప్పుడు పీడనం ఉలిక్కిపడి, ఆ కుదుపు కడ్డీ దాకా వస్తుంది.

అన్నిటికన్నా మోసపుచ్చేది సెల్ సైజు. లెక్క కోసం ఆ నీటి మేరను చిన్న చిన్న గడులుగా కోస్తారు; ఒక్కో గడి సెల్, గడులన్నీ కలిసిన వల మెష్. కడ్డీ చుట్టూ 160 సెల్స్ పెడితే ఒక్కోటి 0.2 మిల్లీమీటర్ల వెడల్పు. ఉపరితలానికి ఆనుకున్న సెల్ మందం 0.1 మిల్లీమీటరు, అక్కడి నుంచి ప్రతి పొరా 10 నుంచి 15 శాతం పెరగాలి. ఇంతవరకూ బాగానే ఉంటుంది. కానీ లెక్క కూలిపోకుండా ఉంటుందని చాలామంది ఫస్ట్ ఆర్డర్ అప్‌విండ్ పద్ధతి (నీరు వచ్చే వైపున్న పక్క సెల్ విలువనే తీసుకునే మొరటు లెక్క) ఎంచుకుంటారు. అది నీటికి లేని స్నిగ్ధతను చడీచప్పుడు లేకుండా కలుపుతుంది. ఎంత? వేగాన్ని సెల్ సైజుతో గుణించి సగం చేస్తే వచ్చేంత. కడ్డీ వెనక సెల్ ఒక మిల్లీమీటరు అయితే ఈ దొంగ స్నిగ్ధత అసలు స్నిగ్ధతకు 5 రెట్లు! మనం 100 అనుకుంటున్న రెనాల్డ్స్ సంఖ్య అక్కడ 17 దగ్గర ఆగిపోతుంది. సుడులు విడివడవు, సాఫ్ట్‌వేర్ మాత్రం ‘లెక్క కుదిరింది’ అంటుంది. అంతకన్నా నిశితంగా లెక్కించే సెకండ్ ఆర్డర్ పద్ధతికి మారడమే మందు.

అది సరిచేసినా సుడులు రాకపోతే మెష్ మరీ సౌష్ఠవంగా ఉందేమో చూడాలి. పైభాగం, కిందభాగం అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటే ఎటు ఒరగాలో లెక్కకు తెలియదు. మొదటి కొన్ని సెకన్లు ప్రవాహాన్ని కాస్త ఏటవాలుగా వదిలితే చాలు. 1996లో షేఫర్, ట్యూరెక్ రూపొందించిన ప్రామాణిక పరీక్షలో ఈ చిక్కు రాకుండా కడ్డీ కేంద్రం కాలువకు నడిమధ్యన ఉండదు: కింద 20 సెంటీమీటర్లు, పైన 21.

టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో విడతలో ముందుకు జరిగే సమయం) సంగతి సూటిగా ఉంటుంది. ఒక్క స్టెప్‌లో నీరు ఒక సెల్‌ను మించి దాటకూడదు. మన కేసుకు 0.01 సెకను సరిపోతుంది. సుడులు కుదురుకోవడానికి వంద సెకన్లకు పైనే పట్టవచ్చు, అంటే పదివేల స్టెప్పులు. వాటిని పారేసి, ఆ తర్వాతి 15, 20 ఆవృత్తాలకే సగటు తీయాలి. లిఫ్ట్ (ప్రవాహానికి అడ్డంగా కడ్డీని నెట్టే బలం) ఒకసారి పైకీ కిందికీ ఊగే లోపు డ్రాగ్ రెండుసార్లు ఊగాలి, ఎందుకంటే ఏ వైపు సుడి విడివడినా కడ్డీ వెనక్కే లాగబడుతుంది. రెండూ ఒకే లయలో ఊగుతుంటే ఎక్కడో సౌష్ఠవం చెడింది.

రెనాల్డ్స్ సంఖ్య 190 దాటాక సుడులు కడ్డీ పొడవునా కూడా మెలికలు తిరుగుతాయి. 1000 దగ్గర, ఇప్పటిదాకా చేసినట్టు కడ్డీ అడ్డకోతను మాత్రమే చూసే రెండు కొలతల లెక్క డ్రాగ్ గుణకాన్ని 1.5 దాకా చూపిస్తుంది, ప్రయోగంలో అది 1 దగ్గరే ఉంటుంది. మెష్ ఎంత సన్నం చేసినా ఈ తేడా పోదు. తొలి మెలికల మధ్య దూరం దాదాపు 4 వ్యాసాలు కాబట్టి కడ్డీ పొడవు కనీసం అంత తీసుకోవాలి. ఆ పొడవును వంద పొరలు చేస్తే, రెండు కొలతల మెష్‌లో 40 వేలున్న సెల్స్ కాస్తా 40 లక్షలవుతాయి. లాప్‌టాప్ మూసేయాల్సింది అప్పుడే.